పాత రేసింగ్ క్వాడ్‌కి ఏ-ఆర్మ్ బుష్‌లు: కొలత నుంచి బిగింపు దాకా

క్వాడ్ అంటే మట్టిలో, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి. హోండా టీఆర్‌ఎక్స్250ఆర్ 1989 మోడల్‌తో ఆగిపోయింది. సుజుకి ఎల్‌టీ250ఆర్ క్వాడ్‌రేసర్ 1985లో వచ్చి 1992తో ముగిసింది. అదే కంపెనీ ఎల్‌టీ500ఆర్ 1987 నుంచి 1990 వరకే దొరికింది. కవాసాకి టెకాటే-4 అయితే 1987, 1988 రెండేళ్ల బండి. వీటిలో యమహా బాన్షీ ఒక్కటే అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్ముడైంది, అందుకే దాని సామాను ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతుంది. మిగతా బళ్లకి కంపెనీ స్పేర్లు తగ్గేకొద్దీ ధర పెరుగుతూ పోయింది. తీరా చూస్తే వాటిలో చాలావరకు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, ఇనుప గొట్టాలు, రేకు ముక్కలు. చిన్న లేత్, మైక్రోమీటర్ ఉంటే చేసుకోగలిగినవే.

ఈ బళ్లు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. అక్కడ గ్యారేజీలో లేత్ పెట్టుకున్నవాళ్లకీ, హైదరాబాద్ బాలానగర్ లాంటి చోట టర్నర్ చేత చేయించుకుని తెప్పించుకునేవాళ్లకీ ఈ పద్ధతి ఒక్కటే. ఏ-ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని ఫ్రేముకి కలిపే, ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారపు చేయి. అది ఫ్రేముకి కలిసే కీలులో ఉండే ప్లాస్టిక్ గొట్టమే బుష్. ముందు ఏ-ఆర్మ్ బుష్‌ల గురించి పూర్తిగా చూద్దాం. ఎక్కువ అరిగేవి అవే, తప్పు కొలతతో ఎక్కువ పాడయ్యేవీ అవే.

ఏవి చేయాలి, ఏవి ముట్టకూడదు

బుష్‌లు, వాటి లోపలి స్లీవ్‌లు, చైన్ స్లయిడర్లు, చైన్ రోలర్లు, స్కిడ్ ప్లేట్లు, కేబుల్ బ్రాకెట్లు చేసుకోవచ్చు. ఇవి అరిగితే ముందే తెలుస్తుంది. టకటక చప్పుడు వస్తుంది, చక్రం పట్టుకుని ఊపితే లూజు కనపడుతుంది.

ఆక్సిల్, హబ్, స్టీరింగ్ స్టెమ్, టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, బ్రేకు సామాను మాత్రం ఇంట్లో చేయకండి. లోపల సన్నటి పగులు మొదలై పెరుగుతూ పోయినా పైకి ఏమీ కనపడదు. జంప్ దిగేటప్పుడు ఒక్కసారిగా విరుగుతాయి. సరైన ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్, పగుళ్ల పరీక్ష లేకుండా వాటిని చేసి బండికి వేయడమంటే ఎక్కినవాడి ప్రాణంతో ఆడుకోవడమే. ఎంత ఖరీదైనా వాటిని కొనుక్కోవాలి.

ఈ కీలు ఎలా పనిచేస్తుంది

ఇది అర్థం కాకుండా లేత్ ఆన్ చేయొద్దు. ఏ-ఆర్మ్ చివర అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. దానిలోకి రెండు వైపుల నుంచి, ఒక కొనకి వెడల్పు అంచు ఉన్న ప్లాస్టిక్ బుష్‌లు దిగుతాయి. బుష్‌ల లోపల ఉక్కు స్లీవ్, స్లీవ్ లోపల నుంచి బోల్టు. బోల్టు బిగిస్తే ఫ్రేము చెవులు (ఫ్రేముకి వెల్డ్ చేసిన రంధ్రాల పలకలు) రెండూ స్లీవ్‌ని గట్టిగా నొక్కి పట్టుకోవాలి. అంటే స్లీవ్ కదలదు, బోల్టు తిరగదు. ఆర్మ్, దానిలో బిగుసుకున్న బుష్ మాత్రమే స్లీవ్ మీద తిరగాలి.

ఇది జరగాలంటే స్లీవ్ పొడవు, ఆర్మ్ గొట్టం పొడవుకి రెండు అంచుల మందం కలిపినదానికంటే 0.10 నుంచి 0.20 మి.మీ. ఎక్కువ ఉండాలి. తక్కువైతే బోల్టు బిగించినప్పుడు ఒత్తిడి ప్లాస్టిక్ అంచుల మీద పడి ఆర్మ్ బిగుసుకుంటుంది. అప్పుడు స్లీవ్, బోల్టు ఆర్మ్‌తో పాటే తిరుగుతాయి, ఫ్రేము చెవుల్లోని రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. పాడైన బుష్ మార్చడం చిన్న పని. సాగిన ఫ్రేము చెవిని బాగుచేయడానికి వెల్డరు కావాలి. ఈ మొత్తం పనిలో ఒక్క కొలత మీదే పట్టు పట్టాలంటే అది స్లీవ్ పొడవు.

కొలతలు: పాత బుష్‌ని నమ్మొద్దు

చాలామంది పాత బుష్ బయటికి తీసి, దాన్నే కొలిచి, అలాంటిదే ఇంకోటి చేస్తారు. ముప్పై ఏళ్లు నలిగిన ప్లాస్టిక్ కొలత అది. అరిగింది, నొక్కుకుపోయింది, బహుశా నీళ్లు తాగి ఉబ్బింది కూడా. బుష్ కూర్చునే రంధ్రాన్ని కొలవాలి, బుష్‌ని కాదు.

1. ఆర్మ్ విప్పి పాత బుష్‌లు తీయండి. రాకపోతే లోపలి నుంచి హాక్సా బ్లేడుతో నిలువునా గాటు పెట్టి లాగేయండి. మంట పెట్టి కరిగించకండి. ఎసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్ కాలితే ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది, దాని మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు.

2. గొట్టం లోపలి తుప్పు 240 నంబరు ఎమెరీతో తుడిచి శుభ్రం చేయండి. ఆర్మ్‌కి పౌడర్ కోటింగ్ వేయించి ఉంటే లోపల కూడా పడిందేమో చూడండి. ఒక్కో పక్క 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, అంటే రంధ్రం 0.2 మి.మీ. దాకా చిన్నదైపోతుంది. దాన్ని గీకేశాకే కొలవాలి.

3. టెలిస్కోపిక్ గేజ్, మైక్రోమీటర్‌తో రంధ్రాన్ని మూడు లోతుల్లో, ప్రతి లోతులో 90 డిగ్రీల తేడాతో రెండుసార్లు కొలవండి. వెర్నియర్ ఇక్కడ చాలదు. ఆరు అంకెల మధ్య తేడా 0.10 మి.మీ. లోపు ఉంటే సగటు తీసుకోండి. అంతకుమించి ఉంటే ముందు ఆర్మ్‌ని బోరింగ్ చేయించండి, ఆ తర్వాతే బుష్.

4. గొట్టం పొడవు, బోల్టు మందం, ఫ్రేము చెవుల మధ్య ఖాళీ రాసుకోండి. ఎనిమిది కీళ్లకీ విడివిడిగా రాయండి. ఎడమ వైపుది కుడి వైపుకి సరిపోతుందని అనుకోవద్దు. బండి ఎప్పుడో ఎక్కడో గుద్దుకునే ఉంటుంది.

ఒక ఉదాహరణ డ్రాయింగ్

కింది అంకెలు లెక్క చూపించడానికే. మీ బండి అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే. ఆర్మ్ రంధ్రం 22.00 మి.మీ., గొట్టం పొడవు 42.00, బోల్టు ఎం10 (10 మి.మీ. మందం), స్లీవ్ బయటి కొలత 16.00 అనుకుందాం.

బుష్ బయటి కొలత: రంధ్రం కన్నా సుమారు 0.35 శాతం ఎక్కువ, అంటే 22.08. బుష్ లోపలి కొలతలోనే అసలు చిక్కు. ప్లాస్టిక్ బుష్‌ని ఉక్కు గొట్టంలోకి నొక్కితే బయట నలిగినంత దాదాపుగా లోపల మూసుకుంటుంది. 0.08 నలిగితే లోపల కూడా 0.08 తగ్గుతుంది. తిరగడానికి 0.10 ఖాళీ కావాలి. కాబట్టి నొక్కకముందు లోపలి కొలత 16.00 + 0.10 + 0.08, అంటే 16.18. ఈ కూడిక మర్చిపోయి 16.10కి బోర్ చేస్తే ఆర్మ్‌లో దిగాక 16.02 అవుతుంది. గ్యారేజీలో తిరుగుతుంది, ఎండలో బిగుసుకుంటుంది. ఎసిటాల్ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.11 మి.మీ. వ్యాకోచిస్తుంది. బయట ఉక్కు గొట్టం అడ్డు ఉంటుంది కనుక ఆ పెరుగుదల అంతా లోపలికే పోతుంది. కాలిఫోర్నియాలో గ్లామిస్ ఇసుక దిబ్బల్లో నడిపే బండికి ఈ 0.10 ఖాళీ తగ్గించవద్దు.

అంచు మందం 2.50, అంచు బయటి కొలత 28. గొట్టంలోకి దిగే భాగం పొడవు 19. రెండు బుష్‌లు కలిపి 38, గొట్టం 42 కనుక మధ్యలో 4 మి.మీ. గ్రీజుకి మిగులుతుంది. స్లీవ్ పొడవు 42 + 2.5 + 2.5 + 0.15, అంటే 47.15.

ఏ సరుకు, ఎంత

బుష్‌కి ఎసిటాల్ రాడ్ తీసుకోండి. డెల్‌రిన్ అని అడిగినా ఇస్తారు, అది డ్యూపాంట్ పెట్టిన పేరు. నైలాన్ చవక, చూడడానికి అలాగే ఉంటుంది, లేత్ మీద బాగానే కోస్తుంది, కానీ బురదా నీళ్లూ ఉండే చోటికి పనికిరాదు. నైలాన్ 6 నానితే బరువులో తొమ్మిది శాతం దాకా నీళ్లు తాగగలదు. ఎసిటాల్ ఒక శాతం లోపే. వర్షంలో రేసు తర్వాత ఆర్మ్‌లు కదలకుండా బిగుసుకుపోయాయంటే సాధారణంగా కారణం నైలానే.

నాలుగు ఆర్మ్‌లు, ఒక్కోదానికి రెండు కీళ్లు, కీలుకి రెండు బుష్‌ల చొప్పున 16 బుష్‌లు, 8 స్లీవ్‌లు. కొన్ని బళ్లలో అమరిక వేరుగా ఉంటుంది, మీ బండిలో లెక్కపెట్టుకోండి. ఒక్కో బుష్‌కి కోత, ఫేసింగ్ (కొనని చదునుగా కోయడం) కలిపి 25.5 మి.మీ. రాడ్ పోతుంది. పాడయ్యేవి రెండు కలుపుకుని 18 బుష్‌లు, చక్‌లో పట్టుకోవడానికి 40 మి.మీ. మొత్తం 30 మి.మీ. మందం రాడ్ అర మీటరు చాలు. దాని బరువు సుమారు అర కిలో.

స్లీవ్‌కి హైడ్రాలిక్ సిలిండర్లలో వాడే 16 మి.మీ. క్రోమ్ రాడ్ అర మీటరు తీసుకోండి. పైభాగం అప్పటికే నున్నగా, కొలతకి ఉంటుంది, తుప్పు త్వరగా పట్టదు. మనం రంధ్రం వేసి పొడవు కోస్తే చాలు. ఇండక్షన్ హార్డెనింగ్ చేసిన రకం మాత్రం వద్దు, కోతకి లొంగదు. రాడ్‌ని మైక్రోమీటర్‌తో చూసుకోండి. 16.00 అని అమ్మినది సాధారణంగా 15.97, 15.98 ఉంటుంది. బుష్ లోపలి కొలతని దానికి తగ్గట్టు తగ్గించండి.

బుష్ టర్నింగ్

టూలు పదునే సగం పని. కొత్తగా నూరిన హెచ్‌ఎస్‌ఎస్ టూల్ గానీ, అల్యూమినియం కోసే మెరుపు ఇన్సర్ట్ గానీ వాడండి. ఉక్కు కోసి మొద్దుబారిన టూల్ ప్లాస్టిక్‌ని కోయదు, నెడుతుంది. 30 మి.మీ. రాడ్‌కి 1000 నుంచి 1200 ఆర్‌పీఎం, ఫీడ్ 0.1 నుంచి 0.15.

1. ఫేసింగ్ చేసి, బయట 22.5కి, 19 మి.మీ. పొడవు రఫ్ టర్నింగ్ చేయండి. అంచు మొదట్లో పదునైన మూల రాకుండా టూల్ కొనకి 0.5 మి.మీ. గుండ్రం ఉండాలి. అంచులు పగిలేది ఆ మూలలోనే.

2. 15 మి.మీ. డ్రిల్లుతో 27 మి.మీ. లోతు వేయండి. 5 మి.మీ. కోసారి బయటికి తీసి చల్లారనివ్వాలి. డ్రిల్లు వేడెక్కితే ప్లాస్టిక్ ఉబ్బి డ్రిల్లుని పట్టేస్తుంది, చల్లారాక రంధ్రం వేరే కొలతలో తేలుతుంది.

3. పది నిమిషాలు ఆగండి. ఎయిర్ గన్‌తో ఊదినా సరే. వేడి మీద తీసుకున్న కొలత కొలత కాదు.

4. బోరింగ్ 16.18, బయట 22.08 ఒకే పట్టులో పూర్తిచేయండి. చివరి కోత 0.2 మి.మీ. తగ్గకూడదు, మరీ సన్నటి కోతకి టూల్ జారుతుంది. దిగే కొనకి 1 మి.మీ. పొడవు వాలు, లోపల 0.3 చాంఫర్ (మూలని ఏటవాలుగా కోయడం).

5. లోపలి వైపు పొడవునా 1 మి.మీ. వెడల్పు, 0.5 లోతు గాడి ఒకటి పెట్టండి, గ్రీజు అంచు దాకా రావడానికి.

6. అంచు మందం 2.8 ఉండేలా పార్టింగ్ చేయండి, అంటే రాడ్ నుంచి కోసి వేరు చేయండి. తిప్పి, కోలెట్‌లో (చుట్టూ సమంగా పట్టే బిగింపులో) పట్టుకుని 2.50కి ఫేసింగ్ చేయండి. మూడు దవడల చక్‌లో బిగిస్తే రంధ్రం మూడు మూలలుగా నలుగుతుంది. కోలెట్ లేకపోతే ఒక అల్యూమినియం గొట్టాన్ని బుష్ కొలతకి బోర్ చేసి, నిలువునా చీల్చి, దానిలో పెట్టి పట్టుకోండి.

పొట్టు పొడవాటి తీగలుగా వచ్చి చక్‌కి చుట్టుకుంటుంది. మిషన్ ఆపాకే తీయాలి, చేతికి గ్లవుజు ఉండకూడదు.

మొదటి బుష్ పూర్తికాగానే మిగతావి మొదలుపెట్టకండి. దాన్ని ఆర్మ్‌లోకి నొక్కి, లోపలి కొలత చూడండి. 16.08 నుంచి 16.12 మధ్య ఉంటే మిగతా పదిహేనూ అలాగే చేయొచ్చు. లేదంటే తేడాని 16.18లో సర్దండి. సెట్టింగ్ కుదిరాక పనిని ఆపకుండా సాగించడంలోనే ఖర్చు కలిసొస్తుంది. ఒక బుష్ చేయడానికి పట్టే సమయంలో ఎక్కువ భాగం సెట్టింగే, కాబట్టి రెండో బండికి కూడా కావాలంటే ఆ పట్టులోనే చేసేయండి. స్క్రాప్ ఉక్కుతో 16.16, 16.20 కొలతల్లో రెండు ప్లగ్‌లు తిప్పి పెట్టుకోండి. మొదటిది దూరాలి, రెండోది దూరకూడదు. ప్రతి బుష్‌కీ మైక్రోమీటర్ పట్టే పని తప్పుతుంది.

నొక్కడం, తర్వాత స్లీవ్

బుష్‌లని రెండు గంటలు ఫ్రిజ్ పైఅరలో, ఐసు గడ్డకట్టే చోట పెట్టండి. 25 డిగ్రీల నుంచి మైనస్ 18కి వెళ్తే 22 మి.మీ. బుష్ దాదాపు 0.10 కుంచించుకుంటుంది. మనం పెట్టిన బిగువు 0.08. వెంటనే పెడితే చేత్తోనే దిగుతుంది. ఆలస్యమైతే పొడవాటి ఎం10 బోల్టు, రెండు పెద్ద వాషర్లతో లాగండి. సుత్తి వద్దు, అంచు పక్కకి వాలితే పగులుతుంది.

స్లీవ్‌ని చివర్లో కోయాలి, ముందు కాదు. రెండు బుష్‌లూ దిగి కూర్చున్నాక అంచు నుంచి అంచుకి అసలు పొడవు కొలవండి. 47.00 రావాలి, 46.93 రావచ్చు, 47.06 రావచ్చు. ఏది వస్తే దానికి 0.15 కలిపి ఆ కీలు స్లీవ్ కోయండి, నంబరు రాసి పెట్టండి. డ్రాయింగ్ పట్టుకుని ఎనిమిదీ ఒకే పొడవు కోసినవాళ్లకి కనీసం ఒకటి రెండు కీళ్లు బిగుసుకుంటాయి. రంధ్రం ముందు 9.5 డ్రిల్లు, తర్వాత 10.2. రెండు కొనలూ లేత్ మీదే ఫేసింగ్ చేయాలి. గ్రైండర్‌తో కోసిన వంకర కొన బోల్టుని వంచుతుంది. బయటి అంచులకి సన్నటి చాంఫర్ పెట్టండి, లేకపోతే క్రోమ్ అంచు బుష్ లోపలి గోడని గీరుతుంది.

ఫ్రేము చెవుల మధ్య ఖాళీ స్లీవ్ కంటే 0.5 మి.మీ. దాకా ఎక్కువున్నా పరవాలేదు, బోల్టు దగ్గరికి లాగుతుంది. 1 మి.మీ. దాటితే సన్నటి ఉక్కు షిమ్ వాషర్ వేయండి. చెవులని బలవంతంగా వంచితే వెల్డ్ దగ్గర పగులు మొదలవుతుంది.

నీటికి కొట్టుకుపోని గ్రీజు, పడవల ట్రెయిలర్లకి వాడే రకం, స్లీవ్‌కీ మధ్య ఖాళీలోకీ పూయండి. గ్రీజు నిప్పిల్ పెట్టాలనిపిస్తుంది. గొట్టం గోడ 2 మి.మీ. ఉంటే ఎం6 మరకి రెండు చుట్లే దొరుకుతాయి, అది నిలవదు. పైగా ఆర్మ్‌లో రంధ్రం బలం తగ్గిస్తుంది. గోడ మందంగా ఉంటేనే, అదీ బలం తక్కువ పడే పక్క భాగంలో పెట్టండి. లేదంటే ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టుకోవడమే మేలు.

బోల్టుని సర్వీసు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. షాక్ అబ్జార్బర్ ఇంకా కలపకుండా ఆర్మ్‌ని పైకెత్తి వదలండి. తన బరువుకి మెత్తగా కిందికి దిగాలి. మధ్యలో ఆగితే స్లీవ్ పొట్టి, లేదా బుష్ లోపల బిగువు. రెంటిలో ఏదో తేల్చడం తేలిక: బోల్టు పావు చుట్టు వదులు చేయండి. అప్పుడు ఆర్మ్ దిగితే స్లీవ్ పొట్టి. అప్పటికీ దిగకపోతే బుష్‌ని 16.10 రీమర్‌తో, లేదా చిన్న హోన్‌తో సర్దండి. ఆర్మ్ పక్కలకి జరిగి టక్కుమంటే స్లీవ్ పొడుగు. ఎమెరీ కాగితాన్ని అద్దం మీద పరిచి కొనని రుద్దుతూ వందో వంతుల్లో తగ్గించండి.

ఇదే రాడ్డు, రేకులతో ఇంకొన్ని

చైన్ స్లయిడర్, స్వింగ్‌ఆర్మ్ కింది స్కిడ్ ప్లేట్‌కి యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథిలీన్ షీటు మంచిది. రాళ్ల మీద ఈడ్చినా తొందరగా అరగదు. స్కిడ్‌కి 10 మి.మీ. మందం చాలు. దీని వ్యాకోచం ఎసిటాల్‌కి దాదాపు రెండింతలు. 300 మి.మీ. పొడవు ముక్క 40 డిగ్రీల తేడాకి 2 మి.మీ. పైన పెరుగుతుంది. అందుకే ఒక కొన రంధ్రం గుండ్రంగా, మిగతావి పొడవాటి గాడులుగా ఉండాలి. అన్నీ గుండ్రంగా వేస్తే ఎండలో ప్లేటు మధ్యలో ఉబ్బి చైన్‌కి తగులుతుంది. బోల్టు తలలు 5 మి.మీ. లోపలికి దిగేలా చదునైన అడుగున్న గుంట చేసి, పెద్ద వాషర్ వేయండి. కోన్ తల స్క్రూ ప్లాస్టిక్‌ని చీల్చుకుంటూ బయటికొస్తుంది. జిగ్‌సాతో కోసేటప్పుడు పెద్ద పళ్ల బ్లేడు, తక్కువ వేగం పెట్టండి, లేకపోతే కోసిన చోటే కరిగి మళ్లీ అతుక్కుంటుంది.

వంచాల్సిన రేకు సామానుకి 5052 అల్యూమినియం తీసుకోండి. 6061-టి6 (హీట్ ట్రీట్‌మెంట్ చేసిన రకం) గట్టిదే కానీ బిగువైన వంపు దగ్గర పగులుతుంది. వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల టి6 బలం పోతుంది.

ఇతరులకి చేసిచ్చేటప్పుడు

ఏ మోడల్, ఏ సంవత్సరం, పై ఆర్మ్‌కా కింది ఆర్మ్‌కా అన్నది సంచి మీద రాయండి. కంపెనీ లోగో వేయొద్దు, ఏ బండికి సరిపోతుందో చెబితే చాలు. కొనేవాళ్ల ఆర్మ్ రంధ్రం ఎంత అరిగిందో మీకు తెలియదు కనుక వాళ్లనే కొలిచి చెప్పమనండి. స్లీవ్‌లని 0.5 మి.మీ. పొడవుగా ఇచ్చి, బుష్‌లు దిగాక కోసుకోమనడం మంచిది. దానితో పాటు ఎలా కొలవాలో చెప్పే చిన్న కాగితం పెట్టండి.

మొదటి రైడ్ అయ్యాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూడండి. పది గంటల తర్వాత ఒక కీలు విప్పండి. స్లీవ్ మీద బుష్ తిరిగిన మెరుపు కనపడి, బోల్టు ఒంటి మీద గీతలు లేకపోతే కీలు సరిగ్గా పనిచేస్తున్నట్టు. బోల్టు మీద గీతలుంటే స్లీవ్ తిరుగుతోంది. దాని పొడవు మళ్లీ కొలవండి.